విచారణ ఫాదర్ గారు బదిలీ మీద వెళ్తున్నారా? కృతజ్ఞత ఇలా చెప్పండి

బిషప్ హౌస్ నుంచి బదిలీ కాగితం వచ్చిందంటే సాయంత్రానికల్లా కబురు ఊరంతా తిరిగేస్తుంది. రాత్రికి గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి. ఎందుకు పంపేస్తున్నారు? ఆపించలేమా? శాలువా ఎవరు కొంటున్నారు? మొదటి రెండు ప్రశ్నలనీ అక్కడే వదిలేయండి. మూడోదానికి అంత తొందరేం లేదు.

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు కతోలిక విచారణల్లో, అంటే ఒక్కో ఫాదర్ చూసుకునే గుడి, దాని పల్లెల్లో, ఉన్న తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. అక్కడ గుడిలో మనం ఒక్కళ్లమే కాదు. మన పక్క బల్ల మీద ఒడియా కుటుంబం, వెనక సవరలు, కుయి భాష మాట్లాడే కోందులు ఉంటారు. ఫాదర్ గారు అందరికీ ఫాదరే. కాబట్టి ‘తెలుగు వాళ్ల తరఫున విడిగా ఓ సన్మానం’ అనే ఆలోచన వస్తే అప్పుడే తుంచేయండి. మన మాట మన భాషలో చెప్పుకోవడానికి ఉమ్మడి సభలోనే చోటు అడిగి తీసుకోవచ్చు.

అసలు సూత్రం ఒక్కటే: మనం చేసేది వెళ్లే ఆయనకి బరువు కాకూడదు, వచ్చే ఆయనకి ఇబ్బంది కాకూడదు. కింద చెప్పే పనులన్నీ దీన్ని బట్టే.

ముందు తేదీలు కనుక్కోండి, కారణాలు కాదు

ఫాదర్ గారిని రెండు తేదీలు అడగండి: ఆయన చెప్పే చివరి ఆదివారం పూజ ఎప్పుడు, కొత్త ఫాదర్‌కి బాధ్యతలు అప్పగించేది ఎప్పుడు. ఈ రెంటి మధ్య కొన్నిసార్లు వారం కూడా ఉండదు. ఆ రోజుల్లో ఆయన జ్ఞానస్నానాల పుస్తకం, పెళ్లిళ్ల పుస్తకం, లెక్కలు సరిచూసి అప్పగించాలి. మీ ఇంట్లో ఎవరి జ్ఞానస్నానమైనా నమోదు కాలేదని అనుమానం ఉంటే ఇప్పుడే వెళ్లి చూపించుకోండి. చివరి రోజు బట్టలు సర్దుకుంటున్న మనిషి ముందు సర్టిఫికెట్ల కోసం వరసకట్టడం కంటే ఆయనకి ఈ సాయం చాలా నయం.

కారణం మాత్రం అడగొద్దు. తిరుసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం విచారణ గురువును గడువు లేకుండా నియమించవచ్చు, దేశ పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య అనుమతి ఉన్నచోట కొన్నేళ్ల గడువు పెట్టీ నియమించవచ్చు. డెబ్బై అయిదేళ్లు నిండితే ఆయనే రాజీనామా సమర్పించాలి. చదువుకో, సెమినరీ పనికో, మరో పల్లెకో పంపడం మామూలే. ‘మా ఫాదర్‌ని మాకే ఉంచండి’ అని సంతకాలు సేకరిస్తే అది ప్రేమలాగే కనిపిస్తుంది కానీ ఇరుకున పడేది ఆయనే. తనే జనాన్ని ఎగదోశాడేమో అన్న అనుమానం ఆయన మీదికి వస్తుంది.

బిషప్ గారికి ఉత్తరం రాయాలనుంటే కృతజ్ఞత రాయండి. గంజాం, గజపతి జిల్లాల వాళ్లు బరంపురం మేత్రాసనానికి (ఒక బిషప్ గారి పరిధిని మేత్రాసనం అంటారు). రాయగడ, కోరాపుట్, నబరంగ్‌పూర్, మల్కాన్‌గిరి వాళ్లు 2016లో కొత్తగా ఏర్పడిన రాయగడ మేత్రాసనానికి. ఒక్క పేజీ చాలు. ఫిర్యాదు రాయడానికి మనకి ఎక్కడలేని ఓపిక వస్తుంది, మెచ్చుకోలు రాయడానికే కలం కదలదు. ‘ఇలాంటి గురువును మా దగ్గరికి పంపినందుకు వందనాలు, కొత్తగా వచ్చే వారికి మా సహకారం ఉంటుంది’ అని ముగించండి. ఆ రెండో వాక్యం తప్పనిసరి.

ఆయన ఏం చేశారో పోగు చేయండి

ఎక్కువ టైం పెట్టాల్సిన పని ఇదే. సాధారణంగా మన సభల్లో వినిపించే మాటలు ఏమిటి? ‘నిరాడంబరులు, సేవాతత్పరులు, ఆదర్శప్రాయులు.’ ఈ మూడు మాటలూ ఏ ఫాదర్‌కైనా సరిపోతాయి. కిందటి ఫాదర్‌కీ అవే చెప్పాం, రాబోయే ఫాదర్ వెళ్లేటప్పుడూ అవే చెప్తాం. వింటున్న ఆయనకి కూడా ఆ సంగతి తెలుసు.

దానికి బదులు ఇద్దరు ముగ్గురు కలిసి ఇళ్లకి వెళ్లి అడగండి. మంచం పట్టిన ముసలాయనకి దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) ఎవరు తెచ్చేవారు? బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో ఎవరినైనా చేర్చినప్పుడు ఫాదర్ వచ్చి రోగులకిచ్చే తైలాభిషేకం ఇచ్చారా? ఉపదేశి గారిని (ఊళ్లలో జ్ఞానోపదేశం చెప్పే ఆయన్ని) విడిగా కూర్చోబెట్టి అడగండి, ఎందుకంటే కొండమీది పల్లెలకి ఫాదర్‌తో కలిసి నడిచింది ఆయనే. ఎవరూ చూడని సంగతులు ఆయన దగ్గరే ఉంటాయి. ఫాదర్ ఉండే బంగళాలో వంట చేసే ఆమెని కూడా అడగండి. ఫాదర్ ఏ రాత్రి తినకుండా పడుకున్నారో, ఎవరొచ్చి తలుపు కొడితే లేచి వెళ్లారో ఆమెకే తెలుసు. అన్నట్టు, వీడ్కోలు రోజు ఆమె పేరు కూడా మైకులో వినబడాలి. ఉపదేశి గారిది, సిస్టర్లది, సహాయ గురువు ఉంటే ఆయనదీ. ఈ పేర్లు చదవడం మరిచిపోయిన సభలు చాలా ఉంటాయి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఫలానా కుటుంబానికి ఫాదర్ డబ్బు సాయం చేశారని, ఫలానా భార్యాభర్తల గొడవ సర్దారని సభలో చెప్పకండి. ఆయన గుట్టుగా చేసింది గుట్టుగానే ఉండనివ్వండి. ఆ ఇంటివాళ్లే వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంటారు, అది చాలు.

పోగు చేసిన వాటిలోంచి మూడు నాలుగు సంగతులు ఎంచుకుని, మిగతావి ఒక నోటు పుస్తకంలో రాయించండి. కుటుంబానికో పేజీ. తెలుగు వాళ్లు తెలుగులో, ఒడియా వాళ్లు ఒడియాలో, రాయడం రానివాళ్ల మాట పిల్లల చేత. చిన్నపిల్లలు బొమ్మ వేసినా సరే. సంచీలో పట్టే బహుమతి ఇది.

మాట్లాడేది ఎవరు, ఎంతసేపు

సంఘపెద్ద ఒకరు, మహిళల్లో ఒకరు, యువతలో ఒకరు, పల్లెల తరఫున ఒకరు. అంతే. స్థానిక నాయకులకి మైకు ఇస్తే ఫాదర్ పక్కకి పోయి, రోడ్డు శాంక్షను కథ ముందుకొస్తుంది. మనిషికి మూడు నిమిషాలు అని ముందే చెప్పండి. కాగితం చూసి చదివినా తప్పులేదు, కానీ కాగితం వాళ్లు సొంతంగా రాసుకున్నదై ఉండాలి. తెలుగులో మాట్లాడేవాళ్లకి ఇలా ఉండొచ్చు:

“ఫాదర్ గారూ, మీరొచ్చిన కొత్తలో మీకు తెలుగు నాలుగు ముక్కలు కూడా రాదు. మా పెద్దవాళ్లు పాపసంకీర్తనం తెలుగులో తప్ప చేయలేరని తెలుసుకుని, సాయంత్రాలు ఉపదేశి గారి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. వానాకాలంలో గెడ్డ పొంగి జీపు ఆగిపోతే నడిచి వెళ్లి పల్లెలో పూజ చెప్పారు. మేం కొన్నిసార్లు మీ మాట వినలేదు, మీటింగులకి పిలిస్తే రాలేదు. మన్నించండి. మీరు వెళ్లే చోట మీకు ఆరోగ్యం, మంచి తోడు దొరకాలని మా ఇళ్లలో జపమాల చెప్పేటప్పుడు అడుగుతాం.”

ఇది నమూనా మాత్రమే. మీ ఫాదర్ గెడ్డ దాటకపోతే గెడ్డ సంగతి రాయకండి. క్షమాపణ వాక్యం మాత్రం ఉంచండి. మన వీడ్కోలు సభల్లో అది దాదాపుగా వినబడదు. చివర ఒక్క వాక్యం ఒడియాలో కలపండి: “ఆపణంకు ఆమ సమస్తంక తరఫరు బహుత ధన్యబాద.” పక్క బల్లల వాళ్లకి కూడా మన మాట అందినట్టవుతుంది. సవర, కుయి కుటుంబాలు తమ వాద్యాలతో, ఆటతో ఆయన్ని సభకి తీసుకొస్తామంటే దాన్ని పది నిమిషాల ‘సాంస్కృతిక కార్యక్రమం’గా కుదించకండి. ఎలా చేయాలో, ఎంతసేపో వాళ్లనే నిర్ణయించనివ్వండి.

కొత్త ఫాదర్‌తో పోలిక ఎవరి నోటా రాకూడదు. ‘మీలాంటి ఫాదర్ మళ్లీ రారు’ అన్న మాట తియ్యగానే ఉంటుంది. కానీ వచ్చే ఆయన ఆ మాట వినకుండా ఉండరు. ఎవరో ఒకరు వీడియో తీసి పెడతారు కదా.

పూజలో ఏది, బయట ఏది

దివ్యబలిపూజ వీడ్కోలు సభ కాదు. అది ఆ ఆదివారం పూజే, ఆ వారం పఠనాలే, ప్రసంగం ఫాదర్ గారిదే. మనకి అందులో రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి విశ్వాసుల ప్రార్థన. ఇలా ఒక్కటి చేర్చవచ్చు: “మా మధ్య సేవ చేసి వెళ్తున్న గురువు కోసం, ఆయన్ని స్వీకరించబోయే విచారణ కోసం, మా వద్దకు రానున్న గురువు కోసం ప్రభువును ప్రార్థించుదాం.” ముగ్గురినీ కలిపి అడగడం గమనించండి.

రెండోది సత్ప్రసాదం తర్వాతి ప్రార్థన అయ్యాక, ముగింపు దీవెనకి ముందు. చిన్న ప్రకటనలకి పూజ క్రమంలో ఉన్న చోటు అదే. ఒకరు లేచి నాలుగు వాక్యాలు చెప్పి, ‘పూజ తర్వాత అందరూ హాల్లోకి రండి’ అంటే సరిపోతుంది. పూజ విషయాల మీద రోము 2004లో ఇచ్చిన సూచనల్లో, విశ్వాసులు మాట్లాడాల్సి వస్తే పూజ బయటే మేలు అని, గట్టి కారణం ఉంటే సత్ప్రసాదం తర్వాతి ప్రార్థన అయ్యాక మాట్లాడవచ్చని ఉంది. దండలు, శాలువా, ఫొటోలు, పాటలు హాల్లోనో, గుడి ముందు పందిట్లోనో. బలిపీఠం ముందు పూలదండ వేసి చప్పట్లు కొట్టే అలవాటు మన వైపు బాగా ఉంది. నాకైతే అది చూడబుద్ధి కాదు. పూలతో అలంకరించాలంటే బలిపీఠం చుట్టూ పెట్టండి, పైన కాదు. బదిలీ తపస్సు కాలంలో (ఈస్టరుకి ముందు రోజుల్లో) పడితే ఆ అలంకరణ కూడా ఉండదు.

ఆయన కోసం పూజ చెప్పించాలనుకునే వాళ్లు కొత్త ఫాదర్‌ని అడగండి. పాత ఫాదర్ ఉద్దేశాల కోసం కొత్త ఫాదర్ మొదటి వారంలోనే పూజ చెప్పడం ఇద్దరికీ మంచిదే. కానుక ఇవ్వలేని పేద కుటుంబమైనా అడగవచ్చు. కానుక లేకపోయినా విశ్వాసుల కోసం, ముఖ్యంగా లేనివాళ్ల కోసం, పూజ చెప్పమని చట్టమే గురువులకి సూచిస్తోంది.

పిల్లలకి, మరియదళం (మరియమాత పేరిట ప్రార్థన, సేవ చేసే సంఘం) వాళ్లకి ఆధ్యాత్మిక పుష్పగుచ్ఛం అప్పగించండి. ఒక అట్ట మీద ఎవరెవరు ఎన్ని జపమాలలు, ఎన్ని పరలోక జపాలు, ఎన్ని పూజలు ఆయన కోసం సమర్పించారో రాసి ఇవ్వడం. అంకె పెద్దగా కనిపించాలని చెప్పని జపమాలలు రాయకండి. అయిదే చెప్తే అయిదే రాయండి.

డబ్బు, బహుమతి

చందా వేసుకుంటే ఇద్దరు కలిసి వసూలు చేసి, లెక్క ఆర్థిక సంఘం ముందు పెట్టండి. తలా ఇంత అని నిర్ణయించొద్దు. కూలిపని చేసే ఇంటికి ఆ అంకె భారమూ అవమానమూ. కవరు మీద పేర్లు కూడా వద్దు. ఆదివారం కానుకల సంచీలోంచి తీయడం అసలే వద్దు, అది విచారణ సొమ్ము.

కవరు మీద ఏం రాయాలో మాత్రం చాలామందికి తెలియదు. తిరుసభ చట్టం 1267వ నిబంధన ప్రకారం, ఒక తిరుసభ సంస్థ బాధ్యుడి చేతికి ఇచ్చిన కానుక ఆ సంస్థకే ఇచ్చినట్టు లెక్క, కాదని తేలితే తప్ప. అంటే ‘ఫాదర్ గారికి’ అని ఊరికే ఇచ్చిన కవరు విచారణ ఖాతాలో పడే అవకాశం ఉంది. ఆయన సొంతానికే అయితే ‘ఫాదర్ గారి వ్యక్తిగత ఖర్చులకు’ అని స్పష్టంగా రాయండి. ఒక ప్రత్యేకమైన పనికని ఇస్తే ఆ పనికే వాడాలని అదే నిబంధన చెప్తోంది. కాబట్టి ‘హాస్టల్ పిల్లల పుస్తకాలకు, ఫాదర్ గారి గౌరవార్థం’ అని రాస్తే ఆయన వెళ్లిపోయాక కూడా ఆ మాట నిలుస్తుంది. చాలామంది ఫాదర్లకి దీనికి మించిన బహుమతి ఉండదు.

ఇంకోటి. గంజాం వైపు స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ దె పాల్ సభ ఫాదర్లు పనిచేసిన చరిత్ర ఉంది. ఇప్పటికీ మన ప్రాంతంలో ఇలాంటి సన్యాస సభలకి చెందిన ఫాదర్లు, నేరుగా బిషప్ గారి కింద ఉండే మేత్రాసన ఫాదర్లు ఇద్దరూ ఉన్నారు. సభకి చెందిన వారైతే తమ సేవ వల్ల చేతికొచ్చింది సభకే చేరుతుంది. మేత్రాసన గురువుకి పేదరికపు మాటపట్టు (వ్రతం) లేదు, ఆయన సొంతంగా ఉంచుకోవచ్చు. ఇది తెలుసుకుని ఇస్తే తర్వాత ‘మేమిచ్చింది ఆయన వాడుకోలేదట’ అని నొచ్చుకోవాల్సిన పని ఉండదు.

వస్తువు ఇవ్వాలంటే ఒకటే, అందరి తరఫునా. ప్రతి సంఘమూ ఓ శాలువా కప్పితే వాటిని మోసుకెళ్లలేక ఆయన మళ్లీ మనవాళ్లకే పంచేసి వెళ్తారు. నన్నడిగితే కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత ఉత్తరీయం ఇవ్వమంటాను. మిర్గాన్ నేతగాళ్లు తొగరు వేరు రంగుతో వేసే ముదురు ఎరుపు, గోధుమ రంగు అంచులు దాని ప్రత్యేకత. ఒడిశాలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు పొందింది ఆ నేతే. బరువు తక్కువ, వాడుకకి పనికొస్తుంది, ఎక్కడికి వెళ్లినా మన నేల గుర్తు. బరంపురం పట్టు అందంగానే ఉంటుంది కానీ ఆయన దాన్ని పెట్టెలోనే ఉంచుతారు. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ల చిన్న పక్షి బొమ్మ ఒకటి పిల్లల తరఫున ఇవ్వొచ్చు. బంగారం, ఫ్రేము కట్టిన పెద్ద ఫొటో, నిలువెత్తు ఫ్లెక్సీ వద్దు. ఫ్లెక్సీ డబ్బుతో ఒక పల్లె నుంచి వచ్చేవాళ్లందరికీ వ్యాను కట్టించవచ్చు.

ఆయన ఇంటికి ఒక ఉత్తరం

దీన్ని ఎవరూ చేయరు, అందుకే విడిగా చెప్తున్నాను. మన ఫాదర్ కేరళ నుంచో, కంధమాల్ నుంచో, గజపతి కొండల నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి ఉంటారు. అక్కడ ఆయన తల్లో, తండ్రో, అన్నదమ్ములో ఉంటారు. వాళ్ల అబ్బాయి ఇక్కడ ఏం చేశారో వాళ్లకి ఎవరు చెప్తారు? ఆయన చెప్పుకోరు. పండగ సెలవులకి వెళ్లినా ‘బాగానే ఉంది’ అని ఊరుకుంటారు.

సంఘపెద్ద తరఫున ఒక్క పేజీ రాయండి: “అమ్మా, మీ అబ్బాయి ఇన్నాళ్లు మా ఊళ్లో ఉన్నారు. మా ముసలివాళ్లు పోయేటప్పుడు పక్కన ఉన్నారు, మా పిల్లలకి జ్ఞానస్నానం ఇచ్చారు. ఆయన్ని మీరు దేవునికి ఇచ్చారు కాబట్టే మాకు దొరికారు. మీకు మా దండాలు.” ఫొటో ఒకటి జత చేయండి, పల్లెలో పూజ చెప్తున్నదైతే మరీ మంచిది. వాళ్ల భాష మనకి రాకపోతే మఠంలో కేరళ సిస్టరో, కుయి వచ్చిన ఉపదేశో రాసిపెడతారు. తల్లిదండ్రులు లేకపోతే అన్నయ్యకో, అక్కకో రాయండి. చిరునామా ఫాదర్‌నే అడగాల్సి వస్తుంది. ఎందుకని అడిగితే చెప్పేయండి, దాచడానికి ఏం లేదు.

ఆ రోజు

బదిలీలు ఎక్కువగా వేసవి సెలవుల్లోనే పడతాయి. ఆ ఎండలో మధ్యాహ్నం రెండింటి దాకా ప్రసంగాలు పెట్టకండి. పొద్దున్నే పూజ, వెంటనే సభ, పదకొండుకల్లా భోజనం. కొండ పల్లెల వాళ్లు తెల్లవారుజామున బయల్దేరి వచ్చి ఉంటారు. మంచినీళ్లు, కాస్త ఫలహారం వాళ్లకి ముందు. భోజనంలో మన పులిహోర, ఒడియా వాళ్ల డాల్మా, టమాటా ఖట్టా, చివర ఖీరి ఉంటే చాలు. ఫాదర్‌ని వేదిక మీద విడిగా కూర్చోబెట్టి ప్లేటు పంపకండి, బంతిలోనే కూర్చోనివ్వండి. అందరూ ఒక్కసారి ఆయనతో మాట్లాడాలనుకుంటారు కాబట్టి తిన్నాక అరగంట ఏ కార్యక్రమమూ లేకుండా ఖాళీగా వదిలేయండి. నిజమైన వీడ్కోలు జరిగేది ఆ అరగంటలోనే.

ప్రయాణం, ఆ తర్వాత

ఆయన పుస్తకాల పెట్టెలు చేర్చడానికి బండి మాట్లాడండి, దారికి అన్నం కట్టివ్వండి. కొత్త విచారణలో దిగబెట్టడానికి వెళ్లేవాళ్లు ఒక్క బండికి మించొద్దు. అక్కడ స్వాగతం వాళ్లది, మనం అతిథులం. ‘మా ఫాదర్‌ని జాగ్రత్తగా చూసుకోండి’ అని అక్కడివాళ్లకి పాఠం చెప్పి రాకండి.

తర్వాత మొదటి కొన్ని నెలలు ఆయనకి ఫోన్ చేసి ఇక్కడి గొడవలు, కొత్త ఫాదర్ మార్పులు చెప్పకండి. ఏటా ఆయన గురుపట్టాభిషేకం పొందిన రోజున ఒకసారి, విచారణ గురువుల పాలక పునీతుడైన జాన్ మరియ వియాన్నీ పండగ ఆగస్టు 4న ఇంకోసారి ఫోన్ చేయండి. ఆ పండగ రోజు కొత్త ఫాదర్ దగ్గరికి కూడా వెళ్లండి.

ఇంట్లో పెళ్లికి పాత ఫాదరే రావాలని చాలామంది ముచ్చటపడతారు. తప్పేం లేదు, కానీ బదిలీ అయ్యాక మన విచారణలో పెళ్లి జరిపించే అధికారం ఆయనకి తనంతట తానుగా ఉండదు. ఇప్పటి విచారణ గురువో, బిషప్ గారో ఆయనకి ఆ అధికారం ఇవ్వాలి. అది లేకుండా జరిపిస్తే తిరుసభ దృష్టిలో ఆ పెళ్లి చెల్లదు. కాబట్టి ముందు కొత్త ఫాదర్ దగ్గరికి వెళ్లి అడిగి, ఆయన అనుమతి కాగితం మీద తీసుకున్నాకే శుభలేఖలు అచ్చుకివ్వండి.